సున్నం వేసిన రాళ్ళు

నాకు అనుమానం ఎక్కువని మా ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. మా ఆయనే చాటింపు వేసి పెట్టాడు. కాదనను. రోడ్డు పక్కన కిరాణం కొట్టు నడిపే ఆడమనిషికి అనుమానం లేకపోతే ఏడాది తిరక్కుండా కొట్టు మూసుకోవాలి. చిరిగిన నోటును మడతలు పెట్టి చేతిలో కుక్కేవాళ్ళు, పుచ్చు కందులు పైన మంచివి పోసి అమ్మజూపేవాళ్ళు, ఎదుట నవ్వి వెనక నా తూకం మీద నిందలు వేసేవాళ్ళు, అందరూ నా గడప ముందుకే వస్తారు. అందుకే ఒకరోజు తెల్ల జీపు వచ్చి కొట్టు ముందు ఆగినప్పుడు, అందులోంచి దిగిన ఆమె నన్ను చూసి నవ్వినప్పుడు, నాకు ముందు పుట్టింది అనుమానమే.

రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్ళ మాట ఇది. అప్పటికే మా ఊరి గుట్ట మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. ఎవరు వేశారో ఎవరూ చూడలేదు. గొర్రెలను తోలుకుపోయిన మా ఆయన సాయంత్రం వచ్చి, "గుండ్లకు బొట్లు వెట్టినట్టు రంగు వెట్టిపోయిన్రే," అన్నాడు. గుట్టను గ్రానైటు కంపెనీ ఒకటి అడిగిందని, కాగితాలు నడుస్తున్నాయని తర్వాత తెలిసింది.

నేను పుట్టింది మోత్కూర్ దిక్కు. మర్రిగూడ దిక్కున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో నాకు అర్థం కాని సంగతి ఒకటుండేది. ఇంటి ముందే బోరు ఉండగా మా అత్తమ్మ నీళ్ళకోసం గుట్ట ఎక్కేది. గుట్ట మీద ఒక దొన ఉంది, వాననీళ్ళు నిలిచే రాతి గుంట. ఫ్లోరైడున్న ఆ బోరు నీళ్ళు తాగిన తరం తరమంతా మోకాళ్ళు వంగిపోయి, పళ్ళకు గోధుమరంగు చారలు పడి ఉన్నారు కదా, ఆమెకు ఆ దొన మీదే నమ్మకం. తర్వాత ఇంటింటికీ నల్లాలు వచ్చినా ఆమె చెంబు గుట్ట దారి మర్చిపోలేదు. మా మందకూ గుట్టే దిక్కు. చుట్టూ అంతా పత్తి. పత్తి చేలో గొర్రె మూతి పెట్టిందంటే లొల్లే. గుట్ట పోతే మంద పోతుంది, మంద పోతే మా ఇంట్లో మిగిలేది నా కొట్టూ, నా నోరూ.

గని అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా చెల్లెల్ని హుజూర్‌నగర్ దిక్కు ఇచ్చాం. అక్కడ సున్నపురాయి తవ్వుతారు. గనిలో పేలుడు మోగిన రోజు గూట్లో గిన్నెలు వాటంతటవే గలగలమంటాయని, ఆరేసిన బట్టలు దులపనిదే కట్టుకోలేమని ఫోన్లో ఏడ్చేది. ఆ ఏడుపు మా ఊరికి రాబోతోందని నాకు భయంగానే ఉండేది.

ఆ గుట్ట భుజాన ఒక చదునైన జాగా ఉండేది. పెద్ద పెద్ద బండలను పెట్టెలాగా నిలబెట్టి, పైన మూతలాగా మరో బండ కప్పి, చుట్టూ గుండ్రంగా గుండ్లు పేర్చిన కట్టడాలు అక్కడ ఉండేవి. కొన్ని ఒరిగిపోయాయి, కొన్ని పడిపోయి ముళ్ళపొదల్లో కలిసిపోయాయి. ఊళ్ళో వాటిని రాకాసి గూళ్ళు అనేవారు. ఎనకట అగ్గివాన కురుస్తుందని తెలిసి, తల దాచుకోవడానికి జనం కట్టుకున్న రాతి ఇళ్ళని పిల్లలకు కథ చెప్పేవారు. అక్కడ ఎటు కాలు పెట్టినా కుండ పెంకులే, బయట ఎరుపు, లోపల నలుపు.

మా అత్తమ్మ మాత్రం రాకాసి అన్న మాట ఒప్పుకునేది కాదు. "గాడ పెద్దలున్నరు," అనేది. ఎవరి పెద్దలు అని అడిగితే ఆమెకూ తెలియదు. మందలో తొలిచూలు గొర్రె ఈనిన నాడు జున్నుపాలు చిన్న చెంబులో పట్టుకొని, ఆ వంకర మోకాళ్ళతోనే గుట్ట ఎక్కి, అన్నిటికంటే పెద్ద మూతబండ మీద పోసి వచ్చేది. వాళ్ళ అత్త చేసిందట, ఆమె అత్త కూడా చేసిందట. కొబ్బరికాయ లేదు, మంత్రం లేదు. పాలు పోసి, "పిల్ల వుట్టింది, సూస్కోండ్రి," అని పక్కింటివాళ్ళకు చెప్పినట్టు చెప్పి దిగేది. పాలు పోసీ పోసీ ఆ బండ నడుమ నల్లటి మరక ఒకటి నిగనిగలాడుతూ ఉండేది.

సరే, జీపు దగ్గరికి వస్తాను. దిగినామెకు ముప్పై దాటి ఉంటాయి. నూలు చుడీదారు, కాళ్ళకు బూట్లు, మెడలో ఎండకు కమిలిన చార. వెంట టేపులు పట్టుకున్న ఇద్దరు కాలేజీ పిల్లలు. హైదరాబాదు నుంచి వచ్చారట.

"సోడా ఉందా అక్కా?" అంది.

సోడా కొట్టి ఇస్తూ, ఏ పని మీద వచ్చారని అడిగాను.

"పాత రాళ్ళు చూసే పని అక్కా. గని మొదలుపెట్టే ముందు అక్కడ పాతకాలం గుర్తులేమైనా ఉన్నాయేమో చూసి రాయాలి. ఉంటే ఆ జాగాను వదిలేయాల్సి ఉంటుంది."

"ఎవలు వదిలేయాలె?"

"కంపెనీ."

"మరి మిమ్ములను తోలింది ఎవలు?"

ఆమె సోడా సీసా వైపు చూసింది. "ఖర్చు కంపెనీదే. రాసేది మాత్రం మేమే," అంది.

ఇంకేం, అయిపోయింది అనుకున్నాను. గొర్రెను కొనవచ్చిన కటికాయనే, గొర్రెకు రోగముందో లేదో చెప్పమని తన మనిషిని వెంటపెట్టుకొచ్చినట్టుంది. ఆ మనిషి ఏం చెబుతాడు? కటికాయనకు కావలసిందే చెబుతాడు. సోడా డబ్బులు తీసుకున్నాను గానీ నవ్వుకు నవ్వు ఇవ్వలేదు.

సాయంత్రం గుట్ట దిగి వచ్చినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. తల నిండా దుమ్ము, చేతుల నిండా ముళ్ళ గీతలు, అయినా పండగకు పుట్టింటికి వచ్చిన పిల్లలాగా ఉంది. అది చూసి నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. గుట్ట మీద ఈమెకు అంత సంబరం దేనికి?

"వచ్చే వారం కొలిచే సామాను తెస్తాం అక్కా. అంతదాకా అక్కడ ఏదీ కదపకండి. ఒక్క పెంకు కూడా. ఎట్లున్నవి అట్లనే ఉండాలి. ఊళ్ళో అందరికీ మీరే చెప్పాలి," అంది. నా కొట్టు గోడ మీద గ్యాసాయన నంబరు, పాలాయన నంబరు పక్కన తన నంబరు కూడా పెన్సిలుతో రాసి పోయింది.

చెప్పాను. చెప్పడమే తరువాయి, ఊరు ఊరంతా లంకెబిందెల మాటే. ముట్టుకోవద్దంటే కింద బంగారం ఉన్నట్టే కదా అని ఒకరు, కుండ పెంకు దొరికినట్టు ఒప్పుకుంటే పోలీసులు ఇల్లు సోదా చేస్తారని ఒకరు. చిన్నప్పుడు దొరికిన పూసలను మొలతాడుకు కట్టుకున్నవాళ్ళు కూడా నాకేం తెలియదనడం మొదలుపెట్టారు.

మా ఆయనకు తమ్ముడి వరస అయ్యే ఒకాయనకు ట్రాక్టరు ఉంది. నోరు తీపి మనిషి. నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చొని రోజుకోసారైనా టీ తాగందే పోడు. ఆ టీ తాగుతూనే అన్నాడు.

"వదినె, గా మేడం కంపెనీ మనిషి. ముట్టొద్దని ఎందుకన్నదో ఎరికేనా? ఉత్త రాళ్ళ కుప్ప అని రాసుకపోనీకి. గదే గుడి అయితే గట్ల రాయొస్తదా? గుడిని ముట్టే దమ్ము ఎవనికున్నది?"

నా అనుమానమే ఇంకొకరి నోట వినబడేసరికి, అబ్బ, ఎంత తెలివైనవాడు అనుకున్నాను. ఊళ్ళో ఎవరికి చెప్పినా అదే సబబుగా తోచింది. గుడి ఉన్న గుట్టను ఎవరూ పేల్చరు. కాబట్టి ఆ మేడం మళ్ళీ వచ్చేలోపు అక్కడ గుడి కనబడాలి.

మా అత్తమ్మ ఒక్కతే మొదట ఒప్పుకోలేదు. "గది గుడి గాదు గదరా. పెద్దల జాగా."

"పెద్దమ్మా, పెద్దలంటె ఎవలింటరు? దేవుడంటె ఇంటరు," అన్నాడు ట్రాక్టరాయన.

ఆమె కొంగు కొస నలిపింది. "వాళ్ళకు కోపమొస్తదేమో," అంది చివరికి. "గుట్ట ఉంటె సాలు పెద్దమ్మా, కోపం తర్వాత సూస్కుందాం," అని అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ మరుసటి రోజు ఊళ్ళో సగం మంది గుట్ట మీదే. ట్రాక్టరు మీద సున్నం బస్తాలు, జాజు వచ్చాయి, టౌను నుంచి. నా కొట్లో సున్నం లేదా? ఎవరూ కొనక మూలన పడి ఉంది! "నీకెందుకు తిప్పలని టౌన్ల తెచ్చిన వదినె, ఖర్చు నాదే," అన్నాడు. నా ఒళ్ళు మండింది. ఇంట్లో ఉన్నదాన్ని కాదని బయట తెచ్చి, పైగా నాకు ఉపకారం చేసినట్టు మాట్లాడతాడా అని ముఖం ముడుచుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మగవాళ్ళు గడ్డపారలు వేసి, మోకులు కట్టి, పడిపోయిన బండలను లేపి నిలబెట్టారు. ఒరిగినవాటిని నిటారు చేశారు. గుండ్రటి వరసలో సందులు ఉంటే వేరేచోటి గుండ్లు దొర్లించుకొచ్చి పూడ్చారు. ఆడవాళ్ళం పొదలు కొట్టి, ప్రతి బండకూ సున్నం పూసి, దాని మీద జాజుతో ఎర్ర పట్టెలు వేశాం, పండగకు ఇంటి గోడలకు వేసినట్టే. ఇంతలో ఒక ముసలామె నడుం మీద చేతులు పెట్టుకొని కేకేసింది. "గిదేందే, గుడి కాడ పలిగిన కుండలు? పీనుగ లేసిన కాడ పలగ్గొడ్తరు కుండలు. దేవుని ముందల గీ పెంకులేంది? ఊడ్వుండ్రి!"

నిజమే కదా. శుభమైన చోట పగిలిన కుండ ఎవరు ఉంచుకుంటారు? చీపుర్లు పట్టుకొని మూలమూలలా ఊడ్చాం. వేళ్ళతో ఏరాం. మట్టిలో కూరుకుపోయిన వాటిని పుల్లలతో పెళ్ళగించాం. గంపలు గంపలు ట్రాలీలో పోశాం. వాగులో పారబోస్తానని ట్రాక్టరాయన తీసుకుపోయాడు.

ఎవరేమన్నా అనుకోండి, ఆ రోజంత సంతోషం మా ఊళ్ళో నేను మళ్ళీ చూడలేదు. ఎండకు ఆ రాళ్ళు తెల్లగా మెరిసిపోతుంటే కళ్ళు చెదిరాయి. మా అత్తమ్మ మాత్రం పెద్ద మూతబండ దగ్గర నిలబడి, నడుమ అరచెయ్యి ఆనించి చూసింది. పాల మరక మీద కూడా సున్నం పడింది. చెయ్యి తెల్లగా అయితే కొంగుకు తుడుచుకుంది.

గుట్ట దిగాక ట్రాక్టరాయన ఇంకో పని చేశాడు. నా కొట్టు ముందు ఏళ్ళ తరబడి బురద గుంట ఉండేది, దాన్ని పూడ్చి పైన మొరం పోసి చదును చేశాడు. అడక్కుండానే! సున్నం కోపం అక్కడితో చల్లారింది. టీ నేనే పోసి ఇచ్చాను.

చెప్పిన ప్రకారం మేడం జీపు వచ్చింది. కొట్టుకు తాళం వేసి నేనూ వాళ్ళ వెనకాలే గుట్ట ఎక్కాను. గుట్ట భుజం మీదికి చేరగానే ఆమె ఆగిపోయింది. వెంట వచ్చిన పిల్లల్లో ఒకడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు. ఆమె మెల్లగా వెళ్ళి ఒక బండ ముందు గొంతుక్కూర్చుంది. వేలికి సున్నం అంటింది.

"ఎవరు చేశారు ఇది?"

"మేమే బిడ్డా," అంది మా అత్తమ్మ. చెప్పమన్న మాట చెప్పింది. "మా దేవుడు."

"ఎప్పటినుంచి ఉంది ఈ గుడి?"

"ఎనకటి సంది," అన్నారు అందరూ ఒకేసారి.

"పోయిన వారం నేను చూసినప్పుడు లేదు కదా?"

"నీకు కనవడలేదేమో మేడం," అన్నాడు ట్రాక్టరాయన. అందరూ గొల్లుమన్నారు.

ఆమె నవ్వలేదు. వంగి నేలంతా వెతుక్కుంటూ తిరిగింది. పెంకులేవని అడిగింది. ఏం పెంకులు, ఎక్కడి పెంకులు అన్నారు జనం. అప్పుడామె మా అత్తమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, పైన అంతా కదిలిపోయింది. కింద మాత్రం కదల్లేదు. ఒక్కచోట చిన్న గుంట తీసి చూడనివ్వండి. ఇది గుడి కాదు. వేల ఏళ్ళ కింద బతికినవాళ్ళు తమ వాళ్ళను పెట్టుకున్న జాగా. కింద ఎముకలు ఉంటాయి, పూసలు, ఇనుప సామాను ఉంటాయి. అవి కనబడితే ఎవరూ కాదనలేరు. గుడి అంటే ఇంకోచోట కట్టుకోండి అంటారు."

మా అత్తమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నోరు తెరిచింది. ఈలోపే వెనక నుంచి ట్రాక్టరాయన గొంతు లేచింది. "సూసిన్రా? బయటవడ్డది! లంకెబిందెల కోసమే వచ్చింది. గుళ్ళె తవ్వుతదట, గుళ్ళె!"

ఇక చూడాలి లొల్లి. ఆడవాళ్ళు కొంగులు బిగించారు. నేనూ ముందుకొచ్చాను. "మీకు జీతమిచ్చేటోళ్ళకు చెప్పుండ్రి మేడం, మా దేవుని కాడ గడ్డపార దిగదని!" అన్నాను. అంతకు కొద్దిరోజుల ముందే అవే బండల కింద ఎన్ని గడ్డపారలు దిగాయో నాకు ఆ క్షణంలో గుర్తే లేదు. మా అత్తమ్మ తెరిచిన నోరు మూసుకుంది. మేడం నా వైపు ఒకసారి చూసి గుట్ట దిగిపోయింది. పోతూ సోడా కూడా తాగలేదు.

కొన్నాళ్ళకు బడి దగ్గర టెంటు వేసి జనాభిప్రాయం అడిగారు. కంపెనీ తరఫున వచ్చినాయన కాగితం చదివాడు. గుట్ట మీద ఉన్నది ఈమధ్య లేపిన కట్టడమేనని, పాతకాలపు ఆనవాళ్ళు ఏవీ లేవని అందులో ఉందట. తర్వాత కాగితం పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"మీ దేవుడు మాకూ దేవుడే. గుట్ట మీదికి ముసలివాళ్ళు ఎక్కలేకపోతున్నారు, మాకు తెలుసు. రోడ్డు పక్కనే మంచి గుడి కట్టిస్తాం. టైల్స్ వేయిస్తాం, మైకు పెట్టిస్తాం."

చప్పట్లు కొట్టారు! మా ఊరివాళ్ళే కొట్టారు. మా దేవుడే అని గొంతు చించుకున్నవాళ్ళు, ఆ దేవుడు రోడ్డు పక్కకు వస్తానంటే ఏ మొఖం పెట్టుకొని వద్దంటారు? మా అత్తమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "పెద్దలని చెప్పనా?" అంది. అప్పటికే మైకు పాటలు మొదలుపెట్టింది.

గుడి కట్టారు. మాట తప్పలేదు. గుట్ట మీది నుంచి చిన్న రాయి ఒకటి తెచ్చి లోపల నిలబెట్టారు. పెద్ద మూతబండ ఏమైందో మాకు తెలియదు, అప్పటికి కంచె వేసేశారు. మొదటిసారి గుట్ట మోగినప్పుడు నా కొట్లో సీసాలు గలగలమన్నాయి. చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. దొన పగిలి నీళ్ళు నిలవడం మానేశాయని గని కాపలావాడు చెప్పాడు. మా ఆయన సగం మందను అమ్మేశాడు.

వానాకాలం వచ్చింది. ఒక పెద్ద వానకు నా కొట్టు ముందు మొరం కొట్టుకుపోయింది. పొద్దున్నే ఊడుద్దామని చీపురు పట్టుకొని వెళితే నేలంతా పెంకులు. బయట ఎరుపు, లోపల నలుపు. వాగులో పారబోస్తానన్నవి నా గడప ముందు ఉన్నాయి. మేడం గుట్ట మీద పెంకులేవని వెతికిన రోజు, జీపు దిగి నడిచింది వాటి మీదే.

చీపురు అక్కడే పడేసి బెంచీ మీద కూలబడ్డాను. అప్పుడు వరసగా గుర్తుకొచ్చాయి. గుడి చేద్దామన్న మాట మొదట ఎవరన్నారు? సున్నం సొంత ఖర్చుతో ఎవరు తెచ్చారు? అడక్కుండా మొరం ఎవరు పోశారు? మా అత్తమ్మ నోరు తెరిచినప్పుడు అరిచింది ఎవరు? అప్పటికి ఆ ట్రాక్టరు పోయి టిప్పర్లు వచ్చాయి ఆయనకు, గనిలోనే నడుస్తున్నాయి. సాక్ష్యం ఏమీ లేదు నా దగ్గర.

ఆయన టీకి వచ్చినప్పుడు అడిగేశాను. "గీ పెంకులు నా కొట్టు ముందల ఎందుకు పోసినవ్? వాగుల పోస్తనంటివి గద?"

"వాగు దూరమాయె, డీజిల్ దండుగ. నీ కాడ బురద ఉండె, గుంటల పోసి మొరం కొట్టిన. మంచికి పోతె గిట్లనే ఉంటది వదినె," అన్నాడు. ఊది ఊది టీ తాగి, గ్లాసు పెట్టి లేచాడు. "నీకు అనుమానం జర ఎక్కువ. అన్న చెప్తనే ఉంటడు."

గోడ మీది నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తుతుందని అనుకోలేదు. ఎత్తింది, వచ్చింది. ఈసారి జీపు లేదు, పిల్లలు లేరు, బస్సు దిగి నడిచి వచ్చింది. కొట్టు ముందు కూర్చొని పెంకులను చున్నీలో ఏరుకుంది. ఒక్కొక్కటీ నీళ్ళతో కడిగి చూసింది.

"పనికొస్తయా?" అని అడిగాను.

"గుట్ట మీద, మట్టిలో ఉన్నచోట ఉంటే పనికొచ్చేవి అక్కా. రోడ్డు పక్కన దొరికితే ఎవరైనా ఏదైనా అంటారు. ఎక్కడినుంచో లారీలో వచ్చాయంటారు."

మనసులో ఉన్నది ఆపుకోవడం నాకు చేతకాదు. "ఒక్క మాట అడుగుత మేడం. మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు మొత్తం చూసినవ్ గద. అప్పుడే రాసి ఇయ్యొచ్చు గద?"

"రాశాను. ఫోటోలు కూడా పెట్టాను. బయటికి వచ్చిన కాగితంలో ఆ భాగం లేదు."

"మరి అడగకపోయినవా?"

"అడిగాను. తర్వాత వాళ్ళు నన్ను పిలవలేదు."

నమ్మాలా? బస్సులో వచ్చింది కాబట్టి నిజమే అనిపిస్తుంది. జీపు పోవడానికి వేరే కారణం ఉండకూడదా అని మళ్ళీ అనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి నాకు తేలలేదు. సోడా కొట్టి ఇచ్చాను, ఈసారి డబ్బులు తీసుకోలేదు.

గొంతు గుర్తుపట్టి మా అత్తమ్మ లోపలి నుంచి గోడ పట్టుకొని వచ్చింది. "బిడ్డా, గాడ నిజంగ మనుషులను వెట్టిన్రా?"

"అవునమ్మా."

"నాకెరికె," అంది మా అత్తమ్మ. "నేను చెప్దామనే అనుకున్న. దేవుడని చెప్పుమన్నరు, చెప్పిన." అంతే అని, పెంకు ఒకటి తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. మేడం మిగిలిన పెంకులను చున్నీలో మూట కట్టుకుంది.

మొన్న చలికాలంలో మా మిగిలిన మందలో తొలిచూలు గొర్రె ఒకటి ఈనింది. అత్తమ్మ అలవాటు ప్రకారం జున్నుపాలు చెంబులో పట్టుకొని, గుట్ట లేదు కదా, రోడ్డు పక్క గుడికే పోయింది. టైల్స్ మీద గొర్రెపాలు పోస్తే ఈగలు ముసురుతాయని, వాసన వస్తుందని పూజారి గుమ్మంలోనే ఆపేశాడట. చెంబు అలాగే పట్టుకొని తిరిగొచ్చింది. ఆ సమయానికి నా కొట్టు ముందు ఒక లారీ ఆగి ఉంది. వెనక ఇంటి గోడంత గ్రానైటు దిమ్మ, గొలుసులతో కట్టేసి ఉంది. డ్రైవరు బెంచీ మీద టీ తాగుతున్నాడు.

అత్తమ్మ లారీ చుట్టూ ఒకసారి నడిచింది. చెయ్యి చాచి, అందినంత మేర ఆ దిమ్మను తడిమింది. తర్వాత మునికాళ్ళ మీద లేవబోయింది. ఆ మోకాళ్ళు లేవనిస్తాయా? లారీ అంచు పట్టుకొని, చెంబు పైకెత్తి, పాలు ఆ రాయి పక్కకు చిమ్మింది.

"పిల్ల వుట్టింది, సూస్కోండ్రి," అంది.

డ్రైవరు గ్లాసు వదిలేసి ఉరికాడు. "ఏయ్ ముసల్దానా! నా బండికి ఏం వోస్తున్నవ్?"

"పాలు బిడ్డా."

"పాలా? ఏం మందు గలిపినవ్ అండ్ల? నిన్ను తోలింది ఎవలు?"

నేను అడ్డం పడ్డాను. ఆమెను ఎవరూ తోలలేదని, ఆమెకదొక అలవాటని, మంత్రమూ మందూ కాదని చెప్పాను. అతను వింటూనే గుడ్డముక్క తెచ్చి ఆ పాలను తుడిచేశాడు, గుడ్డను దూరంగా విసిరేశాడు. నా మాట ఒక్కటీ నమ్మలేదని అతని చూపే చెబుతోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. లారీ ఎక్కి, టీ డబ్బులు కిటికీలోంచి నా ముందు పడేసి పోయాడు.

అత్తమ్మ ఖాళీ చెంబుతో రోడ్డు మీదే నిలబడింది. లారీ మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"గది మన గుట్టదే గదా బిడ్డా?"

"మనదే అత్తమ్మా," అన్నాను. ఆ రోడ్డు మీద వేరే గనుల లారీలు కూడా పోతుంటాయి.